మూర మూరే ప్రభూ

ఖర నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ దశమి, బుధవారం. తెల్లవారకముందే వడగాలి మొదలైంది. తేదీ లేని కథ నమ్మవద్దని మా కాలేజీ చరిత్ర మాస్టారు అనేవారు, అందుకని చెప్పాను. ఒకానొక రాజ్యం అంటే ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, అది ఆయనకూ తెలియదు.

దాన్ని గజకేతు మహారాజు ఏలేవాడు. ఆ బుధవారం ఆయన పల్లకీ మోసే బోయీలు, జీతంతో ఇల్లు గడవడం లేదని సభలో మొరపెట్టుకున్నారు.

మంత్రి సూరపరాజు నెలనెలా సంతకు పోయి, మానిక బియ్యం ఎంత, మూర గుడ్డ ఎంత అని అడిగి వచ్చేవాడు. పదేళ్ళుగా ఒక్క కాసు పెరగలేదన్నాడు. ధర పెంచినవాడికి కొరడా దెబ్బలని శాసనం కదా, ఎవడు పెంచుతాడు! రాజు మీసం దువ్వి, ఇంకోసారి జీతం మాటెత్తితే కొలువు ఊడుతుందని బోయీలను గద్దించాడు.

విదూషకుడు కోనప్ప ఇదంతా విన్నాడు. పౌర్ణమి ఊరేగింపుకు రాజుగారి పట్టుపంచె పాత ధరకే తాను కొనుక్కొస్తానన్నాడు.

పౌర్ణమి వచ్చింది. బయట భేరీలు మోగుతున్నాయి, జనం కిక్కిరిసిపోయారు, బోయీలు పల్లకీ దగ్గర సిద్ధంగా నిలబడ్డారు. లోపల రాజు పంచెతో కుస్తీ పడుతున్నాడు. కుచ్చిళ్ళు పోస్తే గోచీకి చాలదు, గోచీ దోపితే కుచ్చిళ్ళకు గుడ్డ లేదు. పంచె కట్టడం అప్పట్లో ఒక విద్య, ఇప్పుడు అతికించుకుంటున్నారట.

"ఏమయ్యా కోనప్పా, ఇది పది మూరలేనా?"

"అక్షరాలా పది ప్రభూ. ధర కూడా పాతదే. మంత్రిగారిని అడగండి."

మంత్రి తలూపాడు.

"మరి చాలదేం?"

"మూర మూరే ప్రభూ. కొలిచే చెయ్యే పొట్టిదైంది. సంతలో వర్తకులు పొట్టి చేతులవాళ్ళను వెతికి మరీ పనిలో పెట్టుకున్నారు. మానికల అడుగున వేలెడు మందం లక్క పోశారు. ధర పెంచితేనే కదా దెబ్బలు."

మంత్రి గొంతు సవరించుకుని, తన లెక్కలో తప్పేమీ లేదన్నాడు.

"లేదు బాబూ," అన్నాడు కోనప్ప. "తమ లెక్కలో ప్రభువులు నిండుగా కట్టుకునే ఉన్నారు. పల్లకీ ఎక్కించండి."

రాజు వంగి తన మోకాళ్ళు చూసుకున్నాడు. ముందు మొహం ఎర్రబడింది, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇకమీదట ధర అడిగి రావద్దనీ, ఒక బోయీ ఇంటికి నెలకు కావలసినవన్నీ కొని, జీతం ఎంతవరకు వస్తుందో చూసి చెప్పమనీ మంత్రిని ఆజ్ఞాపించాడు. చూస్తే సగం నెలకే వచ్చింది. జీతం రెట్టింపయింది.

కోనప్పకు మాగాణి ఇచ్చాడు. అది అతని తరవాత ఇద్దరు కూతుళ్ళకూ సమంగా వెళ్ళింది. బోయీల కొడుకులకు కొలువూ, పెరిగిన జీతమూ దక్కాయి. సూరపరాజు కొడుకు తండ్రి పదవి కోసం చాలాకాలం ఎదురుచూశాడు. అతనికి ఏమీ రాలేదు.