సేనాపతి వేసిన రెండు బంతులు

అమరగిరి రాజ్యంలో బుట్టబంతి ఆటంటే జనం పడిచచ్చేవారు. ఆట ముగిశాక తీర్పరి గవరయ్య లెక్క సరిచూసి, పుస్తకంలో ముద్ర వేస్తేనే గెలుపు ఖాయమైనట్టు.

ఒకసారి సేనాపతి రణభైరవుడి జట్టు, పడవవాళ్ల జట్టు చేతిలో ఒక్క బంతి తేడాతో ఓడిపోయింది. గట్టు మీద కూర్చుని చూస్తున్న సేనాపతికి తల కొట్టేసినట్టయింది. విసవిసా గవరయ్య దగ్గరికి వచ్చి, "నేనూ దిగి రెండు బంతులు బుట్టలో వేశానని రాసి ముద్ర వెయ్యి. లేదా చెరసాలకు పద!" అన్నాడు.

గవరయ్య వినయంగా కలం అందుకుని, ఆ మాట రాస్తూ అడిగాడు. "ఏ చేత్తో వేశారని రాయమంటారు దొరా?"

"కుడిచేత్తో! ఇంకే చేత్తో వేస్తారు?"

"చిత్తం. ఈ పుస్తకం రేపు రాజుగారు చూస్తారు. కుడిచెయ్యి పైకి లేవడం లేదని మీరు నిన్ననే యుద్ధానికి వెళ్లకుండా సెలవు తీసుకున్నారు కదా! ఇంతలోనే నయమైందని తెలిస్తే ఎంత సంతోషిస్తారో! వెంటనే మీ గుర్రానికి జీను వేయిస్తారు."

సేనాపతి ముఖం పాలిపోయింది. "కొట్టెయ్! నేను బంతి ముట్టుకోనేలేదు."

గవరయ్య ఆ రాత కొట్టేసి, పడవవాళ్లే గెలిచారని ముద్ర వేశాడు. తర్వాత కలం సేనాపతికి అందించాడు.

"కొట్టేసిన చోట తమరి సంతకం కావాలి దొరా. ఎడమచేత్తో పెట్టండి, రాజుగారు చూస్తారు."