రెల్లుగట్టున గులకరాళ్ళు

రెల్లు పూసే నెలలో ఏరు నడవడం మరచిపోయినట్టుంటుంది. నీళ్ళు కదలవు. తెల్లటి పూలదూది గాలిలోకి లేచి, ఎక్కడ వాలాలో తోచనట్టు చాలాసేపు తేలుతూనే ఉంటుంది. అలాంటి ఏటి ఒడ్డున రెల్లుగట్టు అని ఒక పేట ఉండేది. కుందేళ్ళు, ఉడతలు, ఎలుకలు, కౌజు పిట్టలు కలిసి ఓ నలభై కాపురాలు. గట్టు పక్కన బురదమడుగులో గేదెలు మధ్యాహ్నమంతా మెడదాకా మునిగి కలలు కంటూ ఉండేవి.

ఆ పేటకి పెద్ద దాలయ్య అనే కుందేలు. కాపలా మాత్రం పైడమ్మ అనే తీతువు పిట్టది. ఆ పని ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు, ఆమె స్వభావమే అంత. పాము కదిలినా, నక్క నీడ కనిపించినా గొంతెత్తి అరిచేది. అరుపు వినగానే ఎలుకలు బొరియల్లో దూరేవి, కౌజులు గుడ్ల మీద రెక్కలు పరిచేవి, గేదెలు తలలెత్తి చూసేవి. వచ్చినవాడు వచ్చిన దారినే పోయేవాడు.

దాలయ్యకి లెక్కలంటే మహా ఇష్టం. పైడమ్మ అరిచినప్పుడల్లా తన గుమ్మం ముందు ఒక గులకరాయి పెట్టేవాడు. నెలాఖరున ఆ కుప్ప చూస్తే పేటలో దొంగల బెడద ఎంతుందో తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ రాయి పడింది దొంగతనం జరిగినందుకా, జరగకుండా ఆగినందుకా? దాలయ్య ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు.

ఒకరోజు కోదండం అనే నక్క అవతలి ఒడ్డు నుంచి రేవు దాటి వచ్చి, గట్టు కింద మర్యాదగా నిలబడ్డాడు. పైడమ్మ అరిచింది. దాలయ్య రాయి పెట్టాడు. కోదండం ఏమీ నొచ్చుకోకుండా దణ్ణం పెట్టాడు.

"ఈ నెలకి ఎన్ని రాళ్ళండీ, పెద్దయ్యగారూ?"

"ఇది పద్దెనిమిదోది."

"పాపం. మా ఒడ్డున ఒక్క రాయీ లేదు. అరుపన్నదే వినపడదు. మీ గట్టున కాపురం పెడదామనుకున్న గోరింకలు కూడా పద్దెనిమిది అనగానే జడిసి మావైపు చూస్తున్నాయి. ఆ అరిచే నోరొక్కటి మూయించారంటే మీ పేటకి ఎంత మంచి పేరొస్తుందో."

దాలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ సాయంత్రమే పేటని సమావేశపరిచాడు. తీతువు కూత ఎలాగూ అపశకునమేనని ఉడతలు అన్నాయి. మధ్యాహ్నం కునుకు పాడవుతోందని ఎలుకలు అన్నాయి. తొమ్మిది గుడ్లు పొదుగుతున్న నూకాలు అనే కౌజు కూడా, ఎందుకొచ్చిన గొడవని తలూపింది.

"ఆకాశం మీద పడుతుందని కాళ్ళు పైకెత్తి పడుకునే జాతి మీది," అన్నాడు దాలయ్య పైడమ్మతో. "నీ పిరికితనానికి మా పేరు పోవాలా?"

"నేను అరవకపోతే దొంగ రాడా, పెద్దయ్యా?"

"రాయి మాత్రం పడదు."

ఇకమీదట నోరెత్తి అరిస్తే గట్టు విడిచి పొమ్మన్నారు. పైడమ్మకీ ఇసుకలో నాలుగు గుడ్లున్నాయి. వాటిని వదిలి ఎక్కడికి పోతుంది? నోరు మూసుకుంది.

ఆ తర్వాతి రోజులు ఎంత మెత్తగా గడిచాయో చెప్పలేను. పూలదూది గుమ్మాల మీద, రెక్కల మీద, గేదెల కొమ్ముల మీద వాలింది. అందరూ నిద్రలోనే నవ్వుకున్నారు. నెల మారింది, దాలయ్య గుమ్మం నున్నగా, ఖాళీగా ఉంది.

ఒక మధ్యాహ్నం నూకాలు గడ్డిగింజల కోసం వెళ్ళింది. కోదండం రెల్లు చీల్చుకుని వచ్చాడు. పైడమ్మ చూసింది. గొంతుదాకా వచ్చిన అరుపుని మింగింది. నూకాలు తిరిగొస్తున్న అలికిడికి నక్క జారుకున్నాడు. గూట్లో ఏడు గుడ్లే ఉన్నాయి.

పైడమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. నూకాలు ఏడుస్తూ దాలయ్య దగ్గరికి పరుగెత్తింది.

"నెమ్మదిగా చెప్పు, ఎవరైనా వింటారు," అన్నాడాయన. "ఈ నెల ఇంతవరకూ ఒక్క రాయి లేదు. నీతో మొదలుపెట్టమంటావా? నువ్వే ఎంచడంలో పొరబడ్డావేమో."

ఇక నూకాలు నీటి అంచుకి వెళ్ళి, అప్పలస్వామి తాతకి చెప్పుకుంది. ఆయన తాబేలు. అరుపే వినపడదన్న ఆ ఒడ్డు చూసొస్తానన్నాడు. తర్వాత నీళ్ళలోకి దిగి అవతలి ఒడ్డుకేసి వెళ్ళాడు. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. ఆ రెండు రోజులూ నూకాలు మేతకి పోకుండా ఏడు గుడ్ల మీదే కూర్చుంది.

మూడో రోజు పొద్దున తాత తిరిగొచ్చేసరికి దాలయ్యతో సహా అందరూ చుట్టూ చేరారు.

"బొరియలున్నాయి, గూళ్ళున్నాయి," అన్నాడు తాత. "గుమ్మాలన్నిటికీ సాలెపట్లు. పూలదూది లోపలిదాకా పోయి పరుపుల్లా పరుచుకుంది. పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది. అక్కడ అరవడానికి ఎవరూ మిగల్లేదు, దాలయ్యా."

దాలయ్య తన ఖాళీ గుమ్మాన్ని చాలాసేపు చూశాడు. చెవులు వాలిపోయాయి. తనే లేచి పైడమ్మ దగ్గరికి వెళ్ళి, ఇక అరవమని బతిమాలాడు. ఇప్పుడే వద్దన్నాడు తాత. నక్క దగ్గరికి వచ్చేదాకా పేట నిద్రపోతున్నట్టే ఉండాలి, నూకాలు ఎప్పటిలాగే గింజలకి వెళ్ళాలి.

"నా ఏడు గుడ్లనీ ఎరగా పెట్టమంటావా, తాతా?"

జవాబు పైడమ్మ చెప్పింది. "వెళ్ళు నూకాలూ. నావీ నాలుగు ఆ పక్కనే ఉన్నాయి."

ఆనాడు తను తలూపిన సంగతి గుర్తొచ్చి నూకాలు తల దించుకుంది. నమ్మి వెళ్ళింది.

మధ్యాహ్నమైంది. కోదండం ఈసారి దాక్కోను కూడా లేదు. తీరిగ్గా నడుచుకుంటూ, గేదెల మడుగు దాటి గూటి మీదికి వంగాడు. మూతి గుడ్డుకి తగలబోతుండగా, అతని చెవి పక్కనే పైడమ్మ అరిచింది. ఇన్నాళ్ళూ మింగిన అరుపులన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. గేదెలు కలలోంచి లేచి, కొమ్ములు వంచి కదిలాయి. వెనక కొమ్ములు, ముందు ఏరు. కోదండం ఏట్లో దూకాడు.

పది రోజులకి నూకాలు ఏడుగురు పిల్లల్ని వెంటేసుకుని తిరిగింది. దాలయ్య పోయిన రెండు గుడ్లకీ రెండు రాళ్ళు ఒకచోట పెట్టాడు. దొంగ ఉత్తచేతులతో పోయిన రోజులకి పక్కనే వేరే కుప్ప మొదలుపెట్టాడు. ఆ కుప్ప పెరిగినప్పుడల్లా ఆయన సంతోషించడం నేర్చుకున్నాడు.

కోదండం తడిసిన తోకతో అవతలి ఒడ్డెక్కాడు. ఆకలికి ఒక్కో బొరియలోనూ మూతి పెట్టి చూశాడు. మూతికి సాలెపట్లే తగిలాయి. తను చెప్పినట్టే ఆ ఒడ్డున అరుపన్నదే వినపడలేదు.

పేట భద్రంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే, అక్కడ భయం లేకుండా అరవగలిగే గొంతు ఒక్కటైనా ఉందేమో ముందు చూడండి.