ఉట్టి మీద రాజభోజనం

నాగవరం ఏలే ముమ్మడి నాయకుడికి తెల్లవారేసరికి కడుపులో ఎలుకలు పరుగెత్తేవి. అయితే ఏం లాభం, ఎండ నడినెత్తికి వస్తే తప్ప ఆయన ముందుకు విస్తరి వచ్చేది కాదు.

అందుకు కారణం పాకశాల అధికారి సూరపరాజు. ఆయన లెక్కలో రాజుగారి ఒక్క విస్తరికి నలభైమంది వంటవాళ్ళు కావాలి. వాళ్ళు స్నానాలు కానివ్వాలి, పొయ్యిలు రాజేయాలి, పిండివంటలు దించాలి. ఆ తర్వాత విషం ఉందేమోనని రుచి చూసేవాళ్ళు వరసగా కూర్చోవాలి. ఈ ప్రాణాలకు తెగించిన కొలువును సూరపరాజు తన బావమరుదులకే ఇప్పించుకున్నాడు. పాపం, అందరూ దిట్టంగా ఒళ్ళు చేశారు.

ఒకరోజు పొద్దున్నే రాజు ఆకలికి నిలవలేక కోటగోడ వెంట పచార్లు చేస్తుంటే ఎక్కడినుంచో చింతకాయ తొక్కు వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకుని వెళ్తే ఒక చిన్న గది. అందులో గవరయ్య కూర్చుని కుండలోంచి ముద్దలు తీసుకుని తింటున్నాడు. గవరయ్య అంటే కొలువులో రాజుగారికి పొద్దుపోనప్పుడు కబుర్లు చెప్పే మనిషి.

"ఇంత పొద్దున్నే వంట ఎలా అయిందయ్యా?" అన్నాడు రాజు.

"వంట నిన్ననే అయింది ప్రభూ. ఇవాళ తినడమే మిగిలింది."

భార్య పోయాక గవరయ్యకు ఒక్కడి కోసం పూటపూటకీ పొయ్యి రాజేయబుద్ధి కాలేదు. వారానికోసారి కందిపొడి కొట్టుకుని, తొక్కు నూరుకుని ఆవిడ జాడీల్లోనే పెట్టుకునేవాడు. సాయంత్రం కాసిని బియ్యం వండి, సగం అప్పుడే తినేవాడు. మిగతా సగంలో మజ్జిగ పోసి ఉట్టిమీద పెట్టేవాడు. కట్టెలు కలిసొచ్చేవి, చేతిలో డబ్బూ మిగిలేది, పొద్దున్నే కడుపు చల్లగా ఉండేది.

రాజుకు నోరూరింది. కానీ కొలువులో మనిషిని ముద్ద పెట్టమని అడగడానికి నామోషీ అడ్డొచ్చింది. గుటకలు మింగుకుంటూ వెళ్ళిపోయి, కొలువుతీరగానే చెప్పాడు.

"రేపు పొద్దున నాకు గవరయ్య తన చద్దన్నం పెడతాడు."

సూరపరాజు ముఖం మాడిపోయింది. "చద్దన్నమా ప్రభూ? ఒక్కడికి వండుకునేవాడికి రాజభోజనం సంగతి ఏం తెలుస్తుంది? రేపు తమ కడుపు నిండకపోతే ఈ గవరయ్య ఊరు విడిచి పోవాలి. అందుకు ఒప్పుకుంటే పెట్టమనండి."

"సరే. నిండితే మాత్రం పాకశాల తాళాలు గవరయ్యవి," అనేశాడు రాజు. ఆకలిమీద ఉన్నవాడు ఇంకేం ఆలోచిస్తాడు?

గవరయ్యకు ఉన్నదల్లా ఆ గది, ఆ జాడీలు. వాటిని చంకన పెట్టుకుని ఈ వయసులో ఎవరి పంచన చేరతాడు?

మర్నాడు పొద్దున్నే మూతమీద కందిపొడీ తొక్కూ పెట్టిన కుండ పట్టుకుని వచ్చేసరికి భోజనశాల గుమ్మంలో సూరపరాజు బావమరుదులు వరసగా నిలబడి ఉన్నారు. అప్పటికే చేతులు కడుక్కున్నారు.

"మావాళ్ళు తలా ఒక ముద్ద రుచి చూడనిదే రాజుగారి నోట్లోకి మెతుకు పోకూడదు. ఇది తాతలనాటి పద్ధతి," అన్నాడు సూరపరాజు నవ్వుతూ.

గవరయ్య వాళ్ళ చేతులకేసి చూశాడు, కుండకేసి చూశాడు. ఒక్క మనిషి తిండి అది. వీళ్ళు తలా ఒక ముద్ద తీస్తే రాజుగారికి మిగిలేది కుండ.

"ఇంకా ఎంతసేపు?" అంటూ రాజు తనే గుమ్మం దగ్గరికి వచ్చాడు.

గవరయ్య కుండను గుండెలకు హత్తుకున్నాడు. "పద్ధతి తప్పమనను ప్రభూ. చిన్న సందేహం, అంతే. అయ్యలారా, మీరు రుచి చూడటం ఎందుకు?"

"విషం ఉంటే మేం పోతాం, ప్రభువులు బతుకుతారు," అన్నాడు పెద్ద బావమరిది పొట్ట సవరించుకుంటూ.

"మీరు తిన్న ఎంతసేపటికి ప్రభువులకు వడ్డిస్తారు?"

"మేం చేయి కడుక్కోగానే."

"మెల్లగా ఎక్కే విషమైతే?"

గవరయ్య రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, ఈ కుండలో సగం నిన్న సాయంత్రం నేనే తిన్నాను. మిగతాది రాత్రంతా ఉట్టిమీద ఉంది, ఉట్టి కింద నా మంచం ఉంది. వీళ్ళు చేయి కడుక్కునేంతసేపు బతికి చూపిస్తారు. నేను రాత్రంతా బతికి చూపించాను."

రాజు మీసాల చాటున నవ్వు కదిలింది. అది చూసి సూరపరాజు కంగారుపడ్డాడు.

"అంతేకదా ప్రభూ? ఇకనుంచి మేమూ ముందురోజే వండిస్తాం. మావాళ్ళు ముందురోజే రుచి చూస్తారు. రాత్రంతా కాపలా పెట్టించి పొద్దున్నే వడ్డిస్తాం."

గవరయ్య ఎంతో వినయంగా చేతులు జోడించబోయి, కుండ గుర్తొచ్చి ఆగిపోయాడు.

"నిన్న వండి ఇవాళ తినేదాన్ని మా ఇంట్లో చద్దన్నం అంటారు సూరపరాజుగారూ. దానికి నలభైమంది ఎందుకు?"

రాజు పగలబడి నవ్వాడు. కాపలా భటులు ఈటెలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజు నవ్వుతూనే కుండ లాక్కుని ఆ గడపమీదే చతికిలబడ్డాడు. కందిపొడి నంజుకుంటూ, తొక్కు నాకుతూ అడుగున ఉన్న మజ్జిగ కూడా ఎత్తి తాగేశాడు. బావమరుదులు కడిగిన చేతులు ఆరబెట్టుకుంటూ చూశారు.

త్రేనుపు వచ్చాక రాజు పాకశాల తాళాలు తెప్పించి గవరయ్య చేతిలో పెట్టాడు. తన మెడలో ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు.

"ఇంకేం కావాలో కోరుకో గవరయ్యా."

గవరయ్య ఖాళీ కుండలోకి తొంగి చూశాడు.

"ఇంకాస్త పెద్ద కుండ ఇప్పించండి ప్రభూ. తమరు తిన్నది నా పొద్దుటి అన్నం."