విరజుడు నలిపేసిన పురుగులు

చాలాకాలం కిందట కుందవరాన్ని మణిధరుడనే రాజు ఏలేవాడు పిల్లలూ. ఆయనకు ముగ్గురు కొడుకులు. అందరికంటే చిన్నవాడు విరజుడు.

ఒక ఏడు రాణిగారికి చూపు మందగించింది. తోటలోని నేత్రమందారం పూస్తే ఆ పూల రసంతో నయం చేస్తానన్నాడు వైద్యుడు. మొక్కను కాపాడే పని విరజుడికి అప్పగించాడు రాజు.

మొగ్గల మీద నల్లటి ముళ్ల పురుగులు పాకుతుంటే విరజుడికి ఒళ్లు జలదరించింది. దొరికినదాన్నల్లా నలిపేశాడు. కొద్దిరోజులకే కొమ్మల నిండా పేలలాంటి చిన్న పురుగుల పేనుబంక పట్టింది. మొగ్గలు రాలిపోయాయి.

"ఏమైంది నాయనా?" అనడిగాడు రాజు.

మొక్కను కాపాడలేకపోయానని చెప్పడానికి విరజుడికి నోరు రాలేదు. "ఏడు సముద్రాల అవతలి మాయావి కరాళుడు శపించాడు నాన్నగారూ" అన్నాడు.

ఆ మాట నమ్మి పెద్దన్న కత్తి పట్టుకుని బయల్దేరాడు, తిరిగి రాలేదు. చిన్నన్న వెళ్లాడు, అతనూ రాలేదు. విరజుడు వాడిన మొక్క దగ్గర కూర్చుని ఏడ్చాడు.

ఎర్రటి వీపు మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగు ఒకటి ఆకు మీద వాలింది. "నువ్వు నలిపినవి నా పిల్లలు. మొక్క రసం పీల్చే పేనుబంకను తినడానికి వచ్చాయి" అంది.

విరజుడు తల ఎత్తలేకపోయాడు. "నాకు సాయం చేయమని అడిగే ముఖం కూడా లేదు తల్లీ" అన్నాడు.

"నాకింకా పిల్లలున్నారు. వాళ్లు బతకాలంటే ఏ పురుగు మేలు చేస్తుందో నువ్వు తెలుసుకోవాలి. పద, మీ అన్నలను వెతుకుదాం" అంటూ అతని భుజమెక్కింది.

ఇద్దరూ పడవెక్కి ఒక్కొక్క సముద్రమే దాటి, ఏడో సముద్రం అవతల కరాళుడి తోట చేరారు. మాయావి ఒక పూలపొద చూపించి నవ్వాడు. "ఇందులో ఒక పురుగులో నా ప్రాణముంది. పేనుబంక పోను మిగతావన్నీ నేను పురుగులుగా మార్చిన మనుషులే. ఒక్కదాన్ని నలుపు. ఆ ముళ్లదాన్ని చూడు, ఎంత అసహ్యంగా ఉందో."

విరజుడి చెయ్యి అటే వెళ్లింది. సిగ్గుతో వెనక్కి తీసుకున్నాడు.

"ఏది ఏం తింటోందో చూడు" అంది అక్షింతల పురుగు.

పొద్దు వాలేదాకా చూశాడు. చారల ఈగ తేనె నాకి మరో పువ్వుకు ఎగిరింది. వదిలేశాడు. ముళ్ల పురుగులు పేనుబంకను తింటున్నాయి. వాటినీ వదిలేశాడు. బంగారంలా మెరిసే పెంకు పురుగు మాత్రం పువ్వు వెంట పువ్వును లోపలికంటా కొరికి పాడుచేస్తోంది. దాన్ని పట్టి నలిపాడు. కరాళుడు కుప్పకూలాడు.

ముళ్ల పురుగులు రెండూ అన్నలయ్యాయి. చారల ఈగ హేమలేఖ అనే రాకుమారి అయింది.

"మమ్మల్ని కాపాడావు తమ్ముడూ" అని పెద్దన్న కౌగిలించుకోబోయాడు.

విరజుడు వెనక్కి జరిగాడు. "కరాళుడు మన తోట వైపు చూడనైనా లేదన్నయ్యా. మొక్కను పాడుచేసింది నేను. మీకు అబద్ధం చెప్పాను."

అన్న చాచిన చేతులు దించేశాడు. తర్వాత "నాన్నగారికీ ఈ మాటే చెప్పు" అన్నాడు.

నిండుసభలో చెప్పాడు విరజుడు. మొక్క పూసేదాకా రాజు అతనితో మాట్లాడలేదు. అక్షింతల పురుగు పిల్లలు పేనుబంకను తినేశాయి. కొత్త చిగుళ్లు వచ్చాయి, పూలు పూశాయి. చూపు తిరిగొచ్చిన రాణి చిన్నకొడుకు ముఖాన్ని తనవైపు తిప్పుకుంది. అతను కళ్లెత్తలేదు.

హేమలేఖ అతన్నే కోరి పెళ్లాడింది. మామగారి రాజ్యాన్ని విరజుడు ముసలితనం దాకా చల్లగా ఏలాడు. అన్నలను కాపాడిన వీరుడని గాయకులు పాడినప్పుడల్లా మధ్యలో ఆపించేవాడు.

"వాళ్లను చావు నోట్లోకి పంపింది కూడా నేనే. అదీ పాడండి" అనేవాడు.