మూత లోపలి పెన్సిలు రాత

పిల్లలూ, చెప్పండి చూద్దాం, పద్నాలుగు వేలు పెద్దదా, పదకొండు వేలు పెద్దదా? నవ్వకండి, ఈ పప్పు కడుగుతూ చెబుతాను. ఇదే లెక్క ఇరవై ఏళ్ల పిల్ల ఒకతె తన గురువుగారిని అడిగింది. ఆయన జవాబుకి బదులు పని చెప్పారు.

నేను రిటైరవడానికి ముందు ఏడాది మా బడి మైకు ఆంప్లిఫయర్ మూగపోయింది. దాన్ని చీరాలలో ఇమ్మానుయేలు మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెప్పి, పదవీ విరమణ తర్వాత ఇంటి వరండాలోనే బల్ల వేసుకుని రిపేర్లు చేసేవారు. శిష్యురాలు సుగుణ అప్పుడే కోర్సు ముగించింది. తల్లి కుట్టుమిషను తొక్కి చదివించింది. అప్పటికి ఆవిడ మోకాళ్లు సహకరించడం లేదు. సుగుణకు రెండు చోట్ల నుంచి పిలుపొచ్చింది. టీవీల ఫ్యాక్టరీలో నెలకి పద్నాలుగు వేలు, కాని ముందుకొచ్చే ప్రతి సెట్టుకీ అదే వైరు తగిలించి పంపడమే పని. గుంటూరులో ఆస్పత్రి పరికరాలు బాగుచేసే చోట పదకొండు వేలు. సోమవారంలోగా జవాబివ్వాలి. ఎటు పొమ్మంటారని అడిగింది.

మాస్టారు మా ఆంప్లిఫయర్‌ని ఆమె ముందుకు జరిపారు.

గంటలో లోపం పట్టుకుంది. పని చేస్తూనే లోపలి పాత టంకం అతుకొకటి నాకు చూపించి, "ఎవరో చీమిడి కార్చినట్టు అతికారు, టీచర్‌గారూ," అని నవ్వింది. మైకు పలికింది. మూత పెట్టి నాలుగు స్క్రూలూ బిగించింది. మాస్టారు మళ్లీ విప్పమన్నారు.

ఆ బల్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. బాగుచేసినవాళ్లు మూత లోపల తేదీ, పేరు పెన్సిలుతో రాయాలి. నేర్చుకునేదాని పేరు ఎవరు చూస్తారని సుగుణ గొణిగింది. తర్వాత విప్పేవాళ్లు చూస్తారన్నారాయన.

విప్పి, మూత లోపలి దుమ్ము తుడిచింది. అక్కడ అప్పటికే రెండు వరసలున్నాయి, ముప్పై ఏళ్ల కిందటిదొకటి, పదేళ్ల కిందటిదొకటి. రెండింటి కిందా మాస్టారి పేరే. పిల్ల ముఖం చిన్నబోయింది.

ఆయన తల ఎత్తకుండానే, "ఆ చీమిడి నాదే. అప్పటి నా జీతానికి ఇంట్లో వాళ్లు నవ్వేవాళ్లు," అన్నారు. నేను వంగి చూశాను. పదేళ్ల కిందటి అతుకు ముత్యంలా ఉంది. మొదటిది వికారంగానే ఉంది గాని, ఊడలేదు.

సుగుణ రెండు అతుకుల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా, "మూడు వేలంటే మా అమ్మకి రెండు నెలల మందులు సార్," అంది.

మాస్టారు కాదనలేదు. అందులో తప్పేమీ లేదన్నట్టు తల ఊపారు.

"తక్కువే తల్లీ. రెండు జీతాలూ తక్కువే." పెన్సిలు ఆమె చేతికిచ్చారు. "ఇద్దరికీ ఫోన్ చేసి ఒక్కటే అడుగు, మూత ఎవరు తీయనిస్తారో."

ఎక్కడ చేరిందని నన్నడక్కండి, అది మీరు చెప్పాలి. పప్పు సగమే కడిగాను, పొట్టు ఇంకా అలాగే తేలుతోంది. లేస్తాను.