ఎర్ర దారం, తెల్ల దారం

దస్తగిరికి ఆ చలికాలం కాళ్ళు నేల మీద ఆనలేదు. కారణం ఒక చిన్న వేరు. కొండ వెనక రాళ్ళ సందుల్లో దొరికింది. దాన్ని ఎండబెట్టి, దంచి, శొంఠీ బెల్లమూ కలిపి పొడి చేశాడు. ఉబ్బసానికి ఇక దీన్ని మించిన మందు లేదని తనకు తానే తేల్చేసుకున్నాడు.

అతని గురువు సత్తార్ బాబా ఫకీరు, హకీం కూడా. ఆయన ఉండే దర్గాకు నూటపది మెట్లు. మంచు నెలలు వచ్చాయంటే చుట్టుపక్కల ఊళ్ళ ఉబ్బసం మనుషులంతా కొండ కింద సత్రంలో దిగేవాళ్ళు. పొద్దున్నే అందరికీ తలా ఒక గిన్నెడు చేదు కషాయం. అది తాగాక మెట్లెక్కడం. ఆయాసం వచ్చి ఎక్కడ ఆగితే ఆ మెట్టే ఆ రోజుకు వాళ్ళ ఆరోగ్యం. నిన్న ఇరవై, ఇవాళ ఇరవైమూడు అంటే మూడు మెట్లు మేలన్నమాట. ఆ కొండ దగ్గర నాడి కన్నా మెట్టుకే విలువ ఎక్కువ.

ఆ లెక్క రాసేది దస్తగిరే. పన్నెండేళ్ళుగా బాబా దగ్గరే పడి ఉన్నాడు, హస్తవాసి ఉన్నవాడు, మంచివాడు. కాస్త తొందర ఎక్కువ, అంతే.

నెల రోజులు ఒక ఇరవై మందికి కషాయంతో పాటు తన పొడి కూడా ఇచ్చాడు. మిగతావాళ్ళకు వట్టి కషాయమే. నెల తిరిగేసరికి పొడి తిన్నవాళ్ళు తిననివాళ్ళ కంటే పదిహేను మెట్లు పైకెక్కారు. ఇంకేం కావాలి! లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని బాబా ముందు వాలాడు.

“సెలవివ్వండి బాబా. కనుమ దాటి వెళ్తాను. అవతలి ఏడు ఊళ్ళకూ ఈ పొడి పంచుతాను. ఇక ఆ చేదు నీళ్ళు ఎవరూ తాగక్కర్లేదు.”

ఆ చేదు నీళ్ళు బాబాకు తన గురువు నేర్పినవి. అయినా ఆయనకు కోపం రాలేదు. సాంబ్రాణి పొగ తలుపు దాటి బయటి మంచులో కలిసిపోతుంటే దాన్నే చూస్తూ, “మీ అక్క ఎలా ఉంది?” అని అడిగాడు.

దస్తగిరి చంకలోని పుస్తకం సర్దుకున్నాడు. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్క మహబూబ్బీయే. కనుమ అవతలి ఊళ్ళో ఉంటుంది. ఆమెదీ ఇదే జబ్బు. నాలుగు రోజుల కిందట గొర్రెలకాపరుల చేతికి ఈ పొడి మూటకట్టి ఇచ్చి, “అక్కా, కషాయం మానెయ్, ఇది వేసుకో” అని కబురు చేశాడు. బాబాకు మాత్రం ఆ మాట చెప్పలేదు.

“బాగానే ఉంది బాబా.”

“అయితే పదిహేను రోజులు ఆగు,” అన్నాడు బాబా. “రమీజాబీని ఇట్లా రమ్మను.”

రమీజాబీ వంటమనిషి. డెబ్బై ఏళ్ళు, నోటి నిండా ఎప్పుడూ ఆకూ వక్కా. బాబా ఆమె చెవిలో ఏదో చెప్పాడు. దస్తగిరి దగ్గరున్న పొడి అంతా ఆమె తీసుకుపోయి వంటింటి తలుపేసుకుంది. సాయంత్రానికి రెండు బుట్టల పొట్లాలతో బయటికొచ్చింది. ఒక బుట్టలో పొట్లాలకు ఎర్ర దారం, ఇంకోదాంట్లో వాటికి తెల్ల దారం. వాసన ఒకటే, రంగు ఒకటే.

మర్నాడు పొద్దున మంచు ఎంతగా దిగిందంటే పదో మెట్టు పైన కొండే లేనట్టు ఉంది. సత్రం ముందు ముప్పై మంది దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. బాబా వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

“కషాయం ఎప్పటిలాగే అందరికీ ఉంది. దానికి తోడు ఈ పొట్లాలు. ఒక రంగు దారంలో మా దస్తగిరి వేరు ఉంది. ఇంకో రంగు దాంట్లో వట్టి శొంఠీ బెల్లమే. ఏది ఏదో రమీజాబీకి తప్ప ఎవరికీ తెలీదు. ఇష్టమున్నవాళ్ళు ఈ దారాల కుండలో చెయ్యి పెట్టండి, ఏ దారం వస్తే పదిహేను రోజులూ ఆ రంగు పొట్లమే. ఇష్టం లేనివాళ్ళు కషాయం తాగి మెట్లెక్కండి, మీకేం తక్కువ చెయ్యం.”

ఇద్దరు ఆడవాళ్ళు మాకొద్దన్నారు. బాబా తల ఊపి వాళ్ళకు ముందుగా కషాయం పోయించాడు. కుమ్మరి కుళ్ళాయప్ప కుండలో చెయ్యి పెట్టి ఎర్ర దారం తీశాడు.

“ఇంతకీ నాకొచ్చింది మందా, బెల్లమా బాబా?”

“నాకూ తెలీదు కుళ్ళాయప్పా.”

“సరిపాయె! ఇన్నాళ్ళకు మీరూ నేనూ సమానమైనాం,” అని ముసలాయన నవ్వబోయి దగ్గాడు.

కుళ్ళాయప్ప మెట్లెక్కుతుంటే దస్తగిరి పక్కనే నడిచాడు. ముప్ఫయ్యో మెట్టు దగ్గర ముసలాయన గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. దస్తగిరి చెయ్యి దానంతటదే ఆయన మోచేతి వైపు వెళ్ళింది. సగంలో ఆగిపోయింది.

ఈయనది ఎర్ర దారం. ఎర్ర దారంలో ఉన్నది నా పొడేనా?

ఆ ప్రశ్న రాగానే పోయిన నెలంతా కళ్ళ ముందుకొచ్చింది. తన పొడి తిన్నవాళ్ళ మోచెయ్యి పట్టుకుని, “ఇంకొక్క మెట్టు మామా, ఇంకొక్కటే,” అంటూ పైకి తీసుకెళ్ళాడు. మిగతావాళ్ళ లెక్క మాత్రం కింద రాయి మీద కూర్చుని రాసుకున్నాడు. ఛఛ, దాని వల్ల పదిహేను మెట్లు వస్తాయా ఎక్కడైనా, అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కానీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

చివరికి తన పొడికి అన్యాయం జరక్కూడదని అందరి మోచేతులూ పట్టుకున్నాడు! ఎర్ర దారం, తెల్ల దారం, ఏ దారమూ వద్దన్నవాళ్ళు, అందరివీ. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మంచులోకి ఎక్కడం, మంచులోంచి దిగడం. పక్కన మనిషి కనిపించడు, ఊపిరి వినిపిస్తుంది. నిద్రలో నడుస్తున్నట్టుండేది అతనికి. నలభై, నలభై ఒకటి అని తను పలికిన అంకెలే పైనుంచి ఎవరో పలికినట్టు తిరిగొచ్చేవి.

ఐదో రోజు ఉండబట్టలేక వంటింటికి పోయాడు.

“అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఏ దారమో చెప్పు.”

రమీజాబీ నోట్లో ఆకు ఇటునుంచి అటు మార్చుకుంది. “చెప్తే నీ చేతులు ఊరుకుంటాయా?”

దస్తగిరి మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చేశాడు.

పదో రోజు గొర్రెలకాపరి ఒకడు కనుమ దిగి వచ్చాడు. “మీ అక్క నీ పొడిని ఒకటే మెచ్చుకోవడం! మా తమ్ముడు కనిపెట్టిన మందని ఊరంతా చెప్పుకుంటోంది. కాకపోతే రాత్రిళ్ళు పడుకోలేక గోడకానుకుని కూర్చుంటోంది పాపం,” అన్నాడు. దస్తగిరికి మెచ్చుకోవడం వరకే చెవికెక్కింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

పదిహేను రోజులూ అయ్యాయి. బాబా, రమీజాబీ, దస్తగిరి లెక్కల పుస్తకం చుట్టూ కూర్చున్నారు. దస్తగిరి కూడాడు, భాగించాడు, మళ్ళీ మొదటినుంచీ కూడాడు. ఎర్ర దారం వాళ్ళు మనిషికి పదహారు మెట్లు మెరుగయ్యారు. తెల్ల దారం వాళ్ళు పదిహేడు. ఏ పొట్లమూ తీసుకోని ఆ ఇద్దరు ఆడవాళ్ళూ పదహారే.

“తెల్లది నాదే కదా అవ్వా?” ఆ ఒక్క మెట్టునే పట్టుకుని వేలాడాడు పిచ్చివాడు.

“కాదు నాయనా,” అంది రమీజాబీ మెల్లగా. “నీది ఎర్రది. తెల్లదాంట్లో వట్టి శొంఠీ బెల్లమే.”

దస్తగిరి పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచాడు. అంకెలు మారలేదు. బయట మెట్ల మీద ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు వింటుంటే కాపరి చెప్పిన మాటలో తను వినకుండా వదిలేసిన సగం ఇప్పుడు వినిపించింది.

“బాబా, అక్క...”

“ఏమైంది?”

“కషాయం మానేసి ఈ పొడే వేసుకోమని కబురు పంపాను. పంతొమ్మిది రోజులైంది.”

బాబా లేచి వంటింట్లోకి పోయాడు. పొయ్యి మీది కషాయం తనే సొరబుర్రలోకి ఒంపి, మూతికి గుడ్డ బిగించి కట్టాడు. కషాయానికి కావలసిన ఎండు ఆకులు నెలకు సరిపడా సంచిలో పోశాడు. ఆ ఆకుల మీద లెక్కల పుస్తకం పెట్టాడు. సంచి తెచ్చి దస్తగిరి భుజానికి తగిలించాడు.

దస్తగిరి కదలలేదు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి.

“ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను బాబా? ఆ మందు చూసుకుని ఎంత మురిసిపోతోందో మా అక్క! అవతలి ఊళ్ళ వాళ్ళు ఇప్పటికే ఆ వేరు తవ్వుకుంటూ ఉంటారు. వట్టిదని నా నోటితో ఎలా చెప్పను? పుస్తకం ఎందుకు పెట్టారు ఇందులో?”

బాబా సంచి పట్టీ అతని భుజం మీద సరిచేశాడు.

“మందు దొరికిందన్న కబురు ఎవరైనా మోసుకుపోతారు నాయనా. దొరకలేదన్నది మాత్రం నువ్వే మొయ్యాలి. పరిగెత్తు.”

దస్తగిరి పరిగెత్తాడు.