నీలిని దాచుకున్న ఆవు

ఒకప్పుడు గొర్రెల నాలుక నీలంగా తిరిగే రోగం ఏటా వచ్చేది కాదు. ఎన్నేళ్ళకో ఒకసారి మబ్బు ఈనితే, చినుకుతో పాటు జారి కిందపడేది. వానలు ఆగి నేల ఎండగానే చచ్చిపోయేది. మళ్ళీ ఆ మబ్బు ఈనేదాకా దాని పేరే ఎవరికీ గుర్తుండేది కాదు.

అట్లా పుట్టిన వాటిలో కడగొట్టుది నీలి.

నీలి ఎంత చిన్నదంటే, ఆవగింజ మీద కూర్చోబెడితే ఊరంత చోటు మిగిలేది. కాళ్ళు లేవు, రెక్కలు లేవు. నుసుమల కడుపులో కూర్చుని తిరిగేది. నుసుమ అంటే దోమ కన్నా చిన్న ఈగ, చెవి దగ్గర పాట పాడడం కూడా రానిది. నుసుమ ఏ గొర్రెను కుడితే ఆ గొర్రె నెత్తురులోకి నీలి దిగేది.

ఆ ఏడు ఎర్రగుట్ట కింద కొమురవ్వ మందలోకి దిగింది.

కొమురవ్వకు పెళ్ళయి రెండేళ్ళే. పెనిమిటి గొంగళ్ళు భుజాన వేసుకుని సంతలు తిరుగుతుంటే, మందను ఆమే, అత్త లచ్చవ్వా చూసుకునేవారు. ఆ వానాకాలం గొర్రెలకు మూతులు వాచాయి. నోటి నిండా పుండ్లు. గిట్టల పైన కమిలిపోయి ఒక్కొక్కటే కుంటసాగాయి. కొమురవ్వ పుండ్లను ఉప్పునీళ్ళతో కడిగింది. వెదురు గొట్టంతో రాగి అంబలి పోసింది. ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

బొల్లి మాత్రం లేవలేదు.

బొల్లి అంటే కొమురవ్వ పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న గొర్రె. నుదుట తెల్లమచ్చ, కడుపులో పిల్ల. అత్తగారింటికి వచ్చిన కొత్తలో కొమురవ్వ దాని మెడలో ముఖం దాచుకునే ఏడ్చింది. ఇప్పుడు దాని నాలుక నేరేడుపళ్ళు తిన్నట్టు నీలంగా వేలాడుతోంది.

ఒక పొద్దున, గడ్డి మీద మంచు ఇంకా ఆరకముందే, కొమురవ్వ బొల్లి డొక్కకు చెవి ఆనించింది. లోపల పిల్ల కదులుతోంది. ఇంకేదో కూడా వినిపించింది. సన్నగా, దారం తెగినట్టు, ఏడుపు.

"ఎవరది?"

"నేనవ్వా, నీలిని."

"నువ్వా! నా మందనంత ఆగం చేసి, మళ్ళ నువ్వే ఏడుస్తున్నవా?"

"నేనేం చెయ్యలే అవ్వా. చలేసి కౌగిలించుకున్న. నేను కౌగిలించుకుంటే వీళ్ళకు జ్వరమొస్తది. నాకు ఇంకో తీరుగ పట్టుకోవడం రాదు."

"అయితే వదిలిపెట్టి పో!"

"యాడికి పోవాలె? వానలు ఆగినయి. నుసుమలన్నీ రాలిపోయి ఒక్కటే మిగిలింది. కోలుకున్న గొర్రెలు నన్ను గుర్తుపట్టి తలుపేసుకుంటున్నయి. ఇగ నాకు బొల్లి ఒక్కతే దిక్కు. అందుకే గట్టిగ పట్టుకున్న."

నీలి ఎంత గట్టిగా పట్టుకుంటే బొల్లి అంత వేగంగా నీరసించిపోతోంది. పాపం, అది నీలికి తెలియదు.

అంబలి కుండతో వచ్చిన లచ్చవ్వ కోడలి మీద గయ్యిమంది. "రోగంతోని ముచ్చట్లేందే? రెండు దినాలు ఓపిక పట్టు, అదే చస్తది."

"అందాక బొల్లి ఉంటదా అత్తా?"

లచ్చవ్వ బొల్లి కళ్ళలోకి చూసింది. కుండ కింద పెట్టింది.

కొమురవ్వ నీలి కోసం నాలుగు దిక్కులా అడిగి చూసింది. "నేనే నెర్రెలు బారిన, దానికేం దాపు ఇస్త?" అంది మట్టి. "నా దగ్గర నెత్తురేది, చల్లని కడుపు తప్ప?" అంది బండ. సూర్యుడైతే మబ్బుతునకను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నా ముందుకు తేకు తల్లీ. నా చూపు తగిలితేనే మాడిపోతది."

అప్పుడు వినిపించింది, కొట్టంలోంచి గంగి అరుపు.

గంగి వాళ్ళ ఆవు. వానల్లో దాని దూడ చచ్చిపోయింది. ఆనాటి నుంచి మేత ముట్టదు. గాటి దగ్గర నిలబడి దూడ పడుకున్న చోటును వాసన చూస్తూ అరుస్తుంది.

కొమురవ్వ మనసులో ఏదో మెరిసింది.

మందల్లో పుట్టి పెరిగిన వాళ్ళకు ఒక పని తెలుసు. తల్లిలేని పిల్లను, పిల్లలేని తల్లి దగ్గర చేర్చడం. చచ్చిన పిల్ల తోలును బతికిన పిల్ల మీద కప్పుతారు. మీద ఇంత ఉప్పు చల్లుతారు. తల్లి వాసన చూస్తుంది, ఉప్పు నాకుతుంది. మూడోసారి నాకేసరికి అదే తల్లి, ఇదే పిల్ల.

"నీకో తల్లిని చూపిస్త. బొల్లిని వదుల్తవా?"

"వదుల్త అవ్వా."

ముళ్ళకంప మీద ఆఖరి నుసుమ రెక్కలు వాల్చి కూర్చుంది. కొమురవ్వ దాన్ని బతిమాలింది. "ఒక్కసారి లేవే. నీలిని బొల్లి దగ్గర ఎక్కించుకొని గంగి దగ్గర దించు."

"దించితే నాకేంది?"

"గంగి పేడ వెచ్చగ ఉంటది. దాని చాటున గుడ్లు పెట్టుకో, కాలమంత పండుకో."

"అదే పదివేలు," అంటూ నుసుమ లేచింది.

కొమురవ్వ కొట్టంలో ఆరేసి ఉన్న దూడతోలు ముక్కను గంగి భుజం మీద వేసి ఉప్పు చల్లింది. నుసుమ దాని అంచునే వాలి కుట్టింది. నీలి లోపలికి దిగి, బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

గంగి మెడ తిప్పి వాసన చూసింది. ఒకసారి నాకింది. రెండోసారి నాకింది.

"నేను కౌగిలించుకుంటే జ్వరమొస్తదమ్మా," అంది నీలి ముందే.

"నా ఒళ్ళు పెద్దదే పిచ్చిదానా. ఎంత కౌగిలించుకుంటవో కౌగిలించుకో," అని గంగి మూడోసారి నాకింది.

ఆ సాయంత్రం గంగి గడ్డి మేసింది. బొల్లి అంబలి తాగింది. నెల తిరిగేసరికి అమ్మలాగే నుదుట తెల్లమచ్చ ఉన్న పిల్లను ఈనింది.

చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది. నీలి గంగి నెత్తురులో ఉయ్యాల ఊగినట్టు తిరిగేది. పేడ చాటున పుట్టిన నాలుగు నుసుమలు దాన్ని అప్పుడప్పుడు పక్క కొట్టంలోని ఆవుల దగ్గరికి చుట్టపుచూపుగా తీసుకెళ్ళి వచ్చేవి. గంగికి దగ్గు లేదు, జ్వరం లేదు. చూసినవాళ్ళకు ఏమీ తెలియదు.

తొలకరి పడింది. తడిసిన పేడలోంచి నుసుమలు పొగలా లేచాయి.

"అమ్మా, ఆడుకొని వస్తనే," అని నీలి ఒక నుసుమ ఎక్కి నేరుగా గొర్రెల దొడ్డికే వచ్చింది. "అవ్వా! నేను వచ్చిన!"

ఆ సంబరంలో ఎదురుగా కనబడ్డ పిల్లను గట్టిగా కౌగిలించుకుంది. అది బొల్లి పిల్ల.

తెల్లారేసరికి ఆ పసిదాని మూతి వాచింది. లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది. "పాలు మరిచిన పిల్ల మందలకే గదనే తిరిగొచ్చేది! తల్లిని చూపిచ్చినవు గనీ, రేపు యాడికొస్తదో చూసుకున్నవా?"

కొమురవ్వ ఎన్ని పిల్లలను అట్లా తల్లుల దగ్గర చేర్చిందో! పాలు మరిచి అవి మందలోకి దుముకుతూ వస్తుంటే ఎంత మురిసిందో! అదే మురిపెంలో ఈ సంగతే మరిచింది.

ఉరికి కొట్టంలోకి పోయింది. "గంగీ, నీకు దండం పెడత. దాన్ని వెళ్ళగొట్టు."

"నా భుజం మీద వేసింది నువ్వే గదా కొమురవ్వా," అంది గంగి మెల్లగా. "ఒక బిడ్డను పోగొట్టుకున్న. రెండోదాన్ని కూడ తియ్యమంటవా?"

కొమురవ్వ కొట్టంలోంచి బయటికి నడిచింది.

తిరిగి వచ్చి దొడ్డిని కొట్టానికి దూరంగా, గాలి ఆడే గుట్ట మీదికి మార్చింది. పొద్దు వాలగానే పిడకల మీద వేపాకు వేసి పొగబెట్టింది. పొగకు నుసుమలు వెనక్కి తిరిగాయి. పిల్లకు పది రోజులు గొట్టంతో అంబలి పోసింది. పదకొండో రోజు అది కుంటుకుంటూ వెళ్ళి బొల్లి పక్కన గడ్డి అందుకుంది.

పొగ అవతల నుంచి సన్నటి గొంతు వినబడింది. "అవ్వా, చలేస్తుందే."

కొమురవ్వ కళ్ళు మండాయి. పొగకో, దేనికో.

"మీ అమ్మ దగ్గరికి పో బిడ్డా," అంది, ఇంకో గుప్పెడు వేపాకు నిప్పుల మీద వేస్తూ.

అప్పటినుంచే వానలు ఆగినా ఆ రోగం చావదు. కాలమంతా ఆవుల నెత్తురులో దాగి, తొలకరికి నుసుమలెక్కి గొర్రెల మీదికి వస్తుంది. ఆవుకు మాత్రం ఏమీ కాదు. వానాకాలం సాయంత్రాల్లో గుట్ట మీద దొడ్డి పొగ లేచినప్పుడు చూడండి, కింద కొట్టంలో ఏదో ఒక ఆవు మెడ తిప్పి తన భుజాన్ని తానే నాకుకుంటూ ఉంటుంది.